ఎపిడ్యూరల్‌లో ఫెంటానిల్ బదులు డెక్స్‌మెడ్ కలపొచ్చా?

నర్సింగ్ హోమ్‌లో ఫెంటానిల్ (మార్ఫిన్ తరహా నొప్పి మందు) లేదు, కాన్పు నొప్పుల ఎపిడ్యూరల్‌లో (నడుములో సన్నని గొట్టం పెట్టి ఇచ్చే నొప్పి మందు) డెక్స్‌మెడిటోమిడిన్, అంటే డెక్స్‌మెడ్ అనే మగత మందు, కలపొచ్చా అని అడిగారు. కలపొచ్చు. లేబుల్‌లో (మందుకు అనుమతించిన ఉపయోగాల్లో) లేని వాడకం కాబట్టి కాన్పుకొచ్చినామెకు ముందే చెప్పాలి. అయితే నొప్పి తగ్గనప్పుడు చాలాసార్లు లోటు మందులో కాదు, అది వెళ్లే గొట్టంలో, అంటే క్యాథెటర్‌లో ఉంటుంది.

ముందు లెక్క. 0.5% ప్లెయిన్ బుపివకెయిన్ (తిమ్మిరి మందు) 10 మి.లీ., సెలైన్ 40 మి.లీ. కలిపితే 0.1% వస్తుంది. అందులో డెక్స్‌మెడ్ 25 మైక్రోగ్రాములు, అంటే మి.లీ.కి 0.5 మైక్రోగ్రాములు. ఆంప్యూల్‌లో మి.లీ.కి 100 మైక్రోగ్రాములు ఉంటుంది కనుక పావు మి.లీ. చాలు. ఇన్సులిన్ సిరంజితో తీస్తే జాగ్రత్త: 40 యూనిట్ల సిరంజిలో పావు మి.లీ. అంటే 10 యూనిట్లు, 100 యూనిట్ల దాంట్లో 25. కొంప మునిగేది ఇక్కడే. ప్లెయిన్ అనుకుని హెవీ (గ్లూకోజ్ కలిపిన) బుపివకెయిన్ తీయకండి, అది స్పైనల్‌కి, అంటే వెన్ను నీటిలోకి ఇచ్చే మత్తుకి. పేరు రాయని సిరంజి ట్రేలో ఉంటే పారేయండి, ఎవరు కలిపారని వాదించొద్దు.

ఇక అర్ధరాత్రి వచ్చే ఫోను. గర్భసంచి ముఖద్వారం ఏడు సెంటీమీటర్లు తెరుచుకుంది, కుడి పక్క హాయిగా ఉంది, ఎడమ గజ్జలో పిండేస్తోంది. సిస్టర్ అడిగేది "ఇంకేదైనా మందు కలపమంటారా సార్?" అని. వద్దు. ఐస్ ముక్క రెండు పక్కలా పెట్టి చూడండి. ఎడమవైపు చల్లగా తెలుస్తోందంటే మందు అటు చేరట్లేదు. లోపల మూడు, నాలుగు సెంటీమీటర్లు మిగిలేలా క్యాథెటర్‌ను ఒక సెంటీమీటరు వెనక్కి లాగండి. సిరంజితో లాగి రక్తం, వెన్ను నీరు రావట్లేదని చూసుకుని 5 మి.లీ. ఇవ్వండి. ఇరవై నిమిషాల్లో తేడా లేకపోతే తీసి మళ్లీ వేయడమే. ఏ మందు కలిపినా చేరని చోట పనిచేయదు.

డెక్స్‌మెడ్‌తో దురద ఉండదు గానీ నాడి నెమ్మదిస్తుంది, కాస్త మగత వస్తుంది. మొదటి డోసు తర్వాత అరగంట పాటు ఐదు నిమిషాలకోసారి బీపీ, నాడి చూడండి, బిడ్డ గుండె చప్పుడూ వదలకండి. బీపీ పడిందని అలవాటుగా బీపీ పెంచే ఫినైలెఫ్రిన్ ఇస్తే నాడి ఇంకా పడిపోతుంది. అక్కడ నాడిని తగ్గించకుండా బీపీ పెంచే ఎఫిడ్రిన్ మేలు. నాడి 50 దిగితే నాడిని పెంచే అట్రోపిన్. డెక్స్‌మెడ్ కుటుంబానికే చెందిన క్లోనిడిన్‌ను ఎపిడ్యూరల్‌లో కాన్పుకు వాడొద్దని అమెరికా లేబుల్ మీద హెచ్చరికగా పెట్టె కట్టి మరీ రాశారు, కారణం ఈ బీపీయే.

అన్నట్టు, ఫెంటానిల్ "దొరకదు" అనకండి. 2014లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఒక్కటి సరిపోతుంది. మిగిలేది రిజిస్టరు రాసే బద్ధకం.