ఫెర్న్ స్పోర్లు మొలవకపోతే ముందు వెలుతురు చూడండి

అన్నా, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మీద ఫెర్న్ స్పోర్లు (పూలు పూయని ఆ మొక్కలకు విత్తనాల్లా పనిచేసే సన్నటి పొడి) చల్లి, ఆర్ఓ నీళ్లు కొట్టి, మూతపెట్టిన డబ్బాను బీరువాలో ఉంచితే నెలైనా పచ్చదనం రాలేదనీ, కాల్షియం కోసం సున్నం కలపమని ఎవరో చెప్పారనీ అన్నారు కదా, అప్పుడే పారేయకండి. మెంతులైతే చీకట్లోనూ మొలుస్తాయి గానీ చాలా ఫెర్న్ స్పోర్లకు వెలుతురు తగలాల్సిందే, అందులోనూ ఎరుపు కాంతి. స్పోరులోని ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ దాన్ని పసిగడుతుంది.

కాల్షియం పని ఆ తర్వాతే. ఓనోక్లియా అనే ఫెర్న్ మీద 1980ల్లో చేసిన ప్రయోగాల్లో, ఎరుపు కాంతి పడ్డాక బయటి కాల్షియం స్పోరులోకి వెళ్తుందనీ, చుట్టూ అది లేకుండా చేస్తే వెలుతురు ఉన్నా మొలకెత్తదనీ తేలింది. కావాల్సింది చాలా కొంచెమే, ఎవరో సలహా ఇచ్చారని సున్నం మాత్రం కలపకండి. ఆర్ఓ నీళ్లలో కాల్షియం బాగా తగ్గిపోతుంది, పైగా కోకోపీట్ ఉన్నదాన్ని కూడా పట్టేసుకుంటుంది. మన తిరుపతిలో ఉప్పునీటి బోరు (అంటే సముద్రపు ఉప్పు కాదు, గిన్నెలకు తెల్లగా పట్టే కఠిన జలం) ఉంటే ఆ నీళ్లనే కాచి చల్లార్చి వాడండి. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది చాలావరకు కాల్షియమే, అంత పోయినా మిగిలింది సరిపోతుంది.

డబ్బాను ఉత్తరం వైపు కిటికీ దగ్గరో, ఎల్ఈడీ ట్యూబ్‌లైట్ కిందో పెట్టండి. ఎండ నేరుగా పడితే మన ఊళ్లో మూతపెట్టిన డబ్బా లోపల అన్నీ ఉడికిపోతాయి. కొన్ని వారాలకు పైన పచ్చటి పొర కనిపిస్తే పాచి అనుకుని గీకేయకండి, భూతద్దంలో చూడండి, గుండె ఆకారంలో చిన్న చిన్న రేకులుంటే అవి మీ ఫెర్న్‌లే. స్పోర్లు ఎక్కడివి, ఎంత పాతవి? ఆకుపచ్చ రంగు స్పోర్లయితే త్వరగా చచ్చిపోతాయి, అప్పుడు కొత్తవి నర్సరీ మొక్క నుంచే తీసుకోండి, తలకోన అడవిలో తెంపొద్దు.