కర్నూలు నుంచి అమ్మానాన్నలతో కాశీ: రెండు రోజులు సరిపోతాయా?

సరిపోతాయి, ప్రయాణాన్ని అందులో కలపకపోతే. సికింద్రాబాదు నుంచి వెళ్లే దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజు పైనే పడుతుంది, పైగా గంగకు ఆవల దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి మళ్లీ ఆటో వెతుక్కోవాలి. మోకాళ్ల నొప్పులుంటే హైదరాబాదు వెళ్లి విమానం ఎక్కించండి.

బస మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్ర ఆశ్రమంలో దొరికితే మంచిది. గది ముందే మాట్లాడుకోండి. తెల్లవారుజామునే విశ్వనాథుడి దర్శనానికి వెళ్లండి. ఫోన్లు లోపలికి రానివ్వరు, గదిలోనే వదిలేయండి. అన్నపూర్ణ, విశాలాక్షి ఆలయాలు దగ్గరే. కాలభైరవుణ్ణి మాత్రం మరువకండి.

రెండో రోజు అస్సీ ఘాట్ నుంచి సూర్యోదయానికి పడవ ఎక్కండి, ఇది తప్పనిసరి. గంగ ఇక్కడ ఉత్తరానికి తిరుగుతుంది, ఘాట్లన్నీ పడమటి గట్టున ఉంటాయి. అందుకే ఆవలి ఇసుక మీద పొద్దు పొడవగానే మొదటి వెలుగు నేరుగా ఆ మెట్ల మీద, మొలలోతు నీళ్లలో అర్ఘ్యమిస్తున్న వారి దోసిళ్ల మీద పడుతుంది. పెద్దవాళ్లు అలసిపోతే సారనాథ్ వదిలేయండి.

ఆషాఢ శ్రావణాల్లో వద్దు. వరదకు మెట్లు మునిగి పడవలు ఆపేస్తారు.