పద్దెనిమిది జట్లు, తొమ్మిది మ్యాచ్‌లు: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీదే. పిల్లలు అక్కడ చదువుకుంటున్న తల్లిదండ్రులు రాసినవి కొన్ని, డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్లు రాసినవి కొన్ని. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: ఇది కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట, మన సాకర్ కాదు. కాలేజీలు 'కాన్ఫరెన్స్' అనే కూటములుగా ఏర్పడి ఆడతాయి. 2024లో ఆ కూటముల కూర్పు తలకిందులైంది. లాస్ ఏంజెలెస్ కాలేజీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, వాటితో పాటు ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్ అనే కూటమిలోకీ, టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీ అనే కూటమిలోకీ, స్టాన్‌ఫర్డ్, బర్కిలీలోని కాల్, డాలస్‌లోని ఎస్‌ఎంయూ ఏసీసీ అనే కూటమిలోకీ వెళ్లాయి. పడమటి తీరంలో వందేళ్లకు పైగా నడిచిన పాక్-12 కూటమిలో రెండే జట్లు మిగిలాయి.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): పేరేమో బిగ్ టెన్, జట్లేమో 18. ఒక్కో జట్టు కూటమిలో ఆడేది 9 మ్యాచ్‌లే. మిగతా జట్లతో ఎప్పుడు ఆడుతుంది? ఎవరితో ఎవరు ఆడాలో దేన్నిబట్టి తేలుస్తారు?

జవాబు: ఐపీఎల్ చూసేవాళ్లకు ఈ చిక్కు కొత్తది కాదు. ఎనిమిది జట్లున్నప్పుడు అందరూ అందరితో రెండేసి సార్లు ఆడితే 14 మ్యాచ్‌లు సరిపోయేవి. 2022లో జట్లు పదయ్యాయి, మ్యాచ్‌లు 14 దగ్గరే ఉండిపోయాయి. అందుకే ఐదు జట్లతో రెండేసి, నాలుగింటితో ఒక్కొక్కటి. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇరుకు ఇంకా ఎక్కువ. ఒళ్లు హూనమయ్యే ఆట కాబట్టి వారానికి ఒక్క మ్యాచే, సీజన్‌కు 12. వాటిలో తొమ్మిది కూటమికి పోతే బయటి జట్లకు మిగిలేవి మూడు.

బిగ్ టెన్ 2024 నుంచి 2028 దాకా ఐదేళ్ల పథకం వేసుకుంది. ప్రతి జట్టూ మిగతా 17 జట్లతో ఐదేళ్లలో కనీసం రెండుసార్లు ఆడాలి, ఒకసారి సొంత మైదానంలో, ఒకసారి బయట. అంటే 34 మ్యాచ్‌లు. ఐదేళ్లలో ఉన్నవి 45. మిగులు 11. ఏటా తప్పక జరగాల్సిన పోటీ ఒకటి ఉంటే అది రెండుకు బదులు ఐదు మ్యాచ్‌లు తీసుకుంటుంది, అంటే మిగులులోంచి మూడు తింటుంది. అయోవాకు అలాంటివి మూడున్నాయి: మినెసోటా, నెబ్రాస్కా, విస్కాన్సిన్. 11లో 9 అక్కడే ఖర్చు. నాలుగోదానికి చోటు లేదు, పన్నెండు కావాలి మరి. కూటమి మొత్తానికి ఇలా కాపాడినవి 12 జోడీలు. పెన్ స్టేట్‌కు ఒక్కటీ లేదు.

ఎస్‌ఈసీ లెక్క ఇంతకన్నా శుభ్రంగా తెగుతుంది. 16 జట్లు, అంటే ఒక్కోదానికి 15 మంది ప్రత్యర్థులు. ముగ్గురితో ఏటా ఆడితే మిగిలే పన్నెండు మందిని ఏడాదికి ఆరుగురి చొప్పున రెండేళ్లలో చుట్టేయవచ్చు. నాలుగేళ్లలో ప్రతి మైదానానికీ ఒకసారి వెళ్లి వచ్చినట్టే. ఇది 2026లో మొదలవుతుంది. 2024, 2025ల్లో ఎనిమిది మ్యాచ్‌లతోనే నెట్టుకొచ్చారు. ఎనిమిదితోనూ లెక్క కుదురుతుంది, కానీ అప్పుడు ఏటా ఆడే ప్రత్యర్థి ఒక్కరే. అలబామాకు ఆబర్న్, టెనెసీ రెండూ పాత వైరులే. ఆబర్న్‌ను ఉంచుకుంటే టెనెసీని వదులుకోవాలి. అక్కడి అభిమానికి ఈ ముక్క చెప్పి చూడండి, తెలుస్తుంది.

తొమ్మిది బేసి సంఖ్య కావడంతో ఒక మెలిక ఉంది. ఒక ఏడాది సొంత మైదానంలో ఐదు, మరో ఏడాది నాలుగు. పెద్ద కాలేజీలు ఏటా ఏడు మ్యాచ్‌లైనా ఇంట్లో ఉండాలని చూస్తాయి, టికెట్ల డబ్బంతా అక్కడే. నాలుగే ఉన్న ఏడాది బయటి మూడూ ఇంట్లోనే ఆడితే తప్ప ఏడు కావు. కాబట్టి కూటమి బయట పెద్ద జట్టుతో 'ఈ ఏడాది మీ ఊళ్లో, వచ్చే ఏడాది మా ఊళ్లో' అని ఒప్పందం చేసుకోవాలంటే, వాళ్ల ఊరెళ్లేది ఐదు ఇంటి మ్యాచ్‌లున్న ఏడాదే కావాలి. రెండు జట్ల క్యాలెండర్లూ కలవకపోతే ఒప్పందం అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న (హైదరాబాద్): లాస్ ఏంజెలెస్ జట్టు న్యూజెర్సీ వెళ్లి ఆడాలట. ప్రత్యేక విమానంలోనే కదా వెళ్తారు, అంత ఇబ్బంది ఏముంది?

జవాబు: లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీ జట్టు రట్గర్స్ ఉన్న పిస్కాటవేకు విమాన దూరం సుమారు 3,900 కిలోమీటర్లు, హైదరాబాద్–ఢిల్లీకి మూడింతలు పైనే. ఐదు గంటలు కూర్చోవడం పెద్ద కష్టం కాదు. అసలు పేచీ గడియారంతో, తూర్పు తీరం పడమటికన్నా మూడు గంటలు ముందుంటుంది.

తూర్పున మధ్యాహ్నం 12కు మ్యాచ్ పెట్టారనుకోండి. టీవీ చానళ్లకు అది బంగారు సమయం. పడమటి కుర్రాడి ఒంటికి అప్పుడు ఉదయం 9. మ్యాచ్‌కు నాలుగు గంటల ముందు కడుపు నిండా తినాలి కాబట్టి తెల్లవారుజామున 5కు పళ్లెం ముందు కూర్చున్నట్టు. నిద్ర లేచింది అంతకన్నా ముందు. మామూలుగా శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరే జట్టు, ఇలాంటప్పుడు గురువారమే వెళ్లడం మేలు. అలా వెళ్తే ఒక రాత్రి హోటల్ ఖర్చు పెరుగుతుంది, శుక్రవారం క్లాసు పోతుంది. తూర్పు జట్టు పడమటికి వెళ్లినా తిప్పలే. అక్కడ రాత్రి 7:30కు మొదలైతే వీళ్ల ఒంటికి 10:30. ఆట ముగిసి, స్నానాలై, విమానం ఎక్కేసరికి ఒంటిగంట దాటుతుంది. ఇంట్లో దిగేది ఆదివారం ఉదయం తొమ్మిదికి. ఆ రోజు విశ్రాంతి, వీడియో సమీక్ష రెండూ దెబ్బతింటాయి, వచ్చే వారం సాధన అలసటతో మొదలవుతుంది.

ఇక సామాను. బెంచీ దగ్గర వాడే ఫ్యాన్లు, హెడ్‌సెట్లు, వైద్య బల్లలు, విడి సామగ్రి అంతా లారీలో వెళ్తుంది. రోడ్డు దారి దాదాపు 4,400 కిలోమీటర్లు. గంటకు 90 చొప్పున వేసుకున్నా 49 గంటలు. అమెరికా నిబంధన ప్రకారం డ్రైవరు పది గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలకు మించి నడపకూడదు. ఒక్కడే అయితే ఐదో రోజుకు గానీ చేరడు. ఇద్దరు మార్చి మార్చి నడిపితే రెండు రోజులు దాటుతుంది. శనివారం మ్యాచ్‌కు లారీ బుధవారానికల్లా రోడ్డెక్కాలి, గురువారం సాధన మాత్రం ఇంకా ఉంటుంది. అందుకని హెల్మెట్లు, భుజాల ప్యాడ్లు విమానం డొక్కలోకి ఎక్కించాలి, మిగతావి రెండు జతలు పెట్టుకోవాలి. వరుసగా రెండు వారాలు బయట మ్యాచ్‌లు పడితే మొదటి ఊరి నుంచి లారీని ఇంటికి రప్పించకుండా నేరుగా రెండో ఊరికి మళ్లించాల్సి వస్తుంది.

మరి దీనివల్లే ఓడిపోతున్నారా? 2024లో యూఎస్‌సీ మిషిగన్ చేతిలో 24–27, మినెసోటాలో 17–24, మేరీలాండ్‌లో 28–29తో ఓడింది. మూడూ చివరి దాకా సాగినవే. వాషింగ్టన్ ఒక శుక్రవారం రాత్రి రట్గర్స్‌లో 18–21తో ఓడింది. అదే ఏడాది ఒరెగాన్ అదే కూటమిలో ఒక్క మ్యాచ్ కూడా పోగొట్టుకోకుండా టైటిల్ కొట్టింది, యూసీఎల్‌ఏ రట్గర్స్‌లోనే 35–32తో నెగ్గింది. బలమైన జట్టును ప్రయాణం ఓడించలేదు. సమఉజ్జీల మధ్య ఆఖరి పది నిమిషాల్లో దాని బరువు తెలుస్తుంది. వరుసగా రెండు దూరప్రయాణాలు పడకుండా, దూరం వెళ్లొచ్చాక విరామ వారం వచ్చేలా వేస్తే సగం బాధ తగ్గుతుంది. కానీ టీవీ కోరిన శుక్రవారం మ్యాచ్‌లు ఆ ఏర్పాటుకు గండి కొడతాయి.

ఫుట్‌బాల్ వాళ్లకు ఏడాదికి నాలుగైదు ప్రయాణాలే. జాలిపడాల్సింది వాలీబాల్, సాకర్, సాఫ్ట్‌బాల్ పిల్లల మీద. వాళ్లకు మ్యాచ్‌లెక్కువ, వారం మధ్యలో ఉంటాయి, తరచూ మామూలు టికెట్ల మీదే ప్రయాణం. ఒక ప్రయాణంలో పక్కపక్కనున్న రెండు జట్లతో ఆడించి పంపడం ఒక్కటే వాళ్లకు కొంత ఊరట.

ప్రశ్న (విశాఖపట్నం): ఏసీసీ కూడా తొమ్మిదికి మారుతోందట. అక్కడ 17 జట్లు కదా?

జవాబు: అందరికీ తొమ్మిది కుదరదు. 17 తొమ్ముదులు 153. ప్రతి మ్యాచ్‌లోనూ ఇద్దరుంటారు కాబట్టి రెండుతో భాగించాలి, 76న్నర వస్తుంది. అర మ్యాచ్ ఎవరాడతారు? ఏటా కనీసం ఒక జట్టైనా ఎనిమిదితో ఆగాల్సిందే.

ప్రశ్న (ఆస్టిన్, టెక్సస్): ఈ మార్పుల్లో పాత వైరాలు ఏమయ్యాయి? పోయినవే ఎక్కువా, తిరిగొచ్చినవా?

జవాబు: మీ ఊరివాళ్లకు లాభమే. టెక్సస్ ఏ అండ్ ఎం 2012లో ఎస్‌ఈసీకి వెళ్లిపోయాక ఆగిన పోటీ, టెక్సస్ కూడా అక్కడికే చేరడంతో 2024 నవంబరు 30న ఏ అండ్ ఎం ఉండే కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో మళ్లీ జరిగింది. టెక్సస్ 17–7తో గెలిచింది. 2026 నుంచి టెక్సస్‌కు ఏటా తప్పని ముగ్గురు: ఓక్లహోమా, ఏ అండ్ ఎం, ఆర్కాన్సస్. డాలస్‌లో స్టేట్ ఫెయిర్ తిరనాళ్ల మధ్య జరిగే ఓక్లహోమా మ్యాచ్‌కు ఢోకా లేదు.

ఓక్లహోమా–ఓక్లహోమా స్టేట్ కథ వేరు. రెండు ఊళ్ల మధ్య దాదాపు 130 కిలోమీటర్లే. 2023 నవంబరు 4న స్టేట్ 27–24తో గెలిచాక ఆ వరుస ఆగిపోయింది. ఒకరిది ఎస్‌ఈసీ, ఇంకొకరిది బిగ్ 12 అనే వేరే కూటమి. కూటమి బయట ఖాళీలను ఏళ్ల ముందే వేరే జట్లకు రాసిచ్చేశారు.

వాషింగ్టన్–వాషింగ్టన్ స్టేట్ 'ఆపిల్ కప్' బతికే ఉంది, కానీ నవంబరు చివరి వారం నుంచి సెప్టెంబరుకు జరిగింది. చలిలో, సీజన్ భవితవ్యం తేలే వేళ జరిగే మ్యాచ్ ఎండలో సన్నాహకంలా మారింది. తద్దినం తేదీ మార్చి పెట్టినట్టుందని సియాటెల్ తెలుగువాళ్లు అనుకుంటే తప్పులేదు. వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్‌ల పరిస్థితి ఇంకా విడ్డూరం. కూటమిలో ఇద్దరే మిగలడంతో 2024లో మౌంటెన్ వెస్ట్ అనే కూటమి జట్లతో ఆరేసి మ్యాచ్‌లు కుదుర్చుకున్నాయి, 2025లో తమలో తామే రెండుసార్లు ఆడుకున్నాయి. 2026లో బాయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్ వంటివి చేరాక పాక్-12 మళ్లీ కూటమిలా కనబడుతుంది.

నా దృష్టిలో పెద్ద నష్టం యూఎస్‌సీ–నోటర్‌డామ్. 1926లో మొదలై, రెండో ప్రపంచ యుద్ధం, 2020 కోవిడ్ తప్ప ఆగని పోటీ 2026 షెడ్యూల్‌లో లేదు. కూటమిలో తొమ్మిది మ్యాచ్‌లు, పైగా ఆ ప్రయాణాలు నెత్తిన ఉన్నప్పుడు సీజన్ మధ్యలో ఇంకో పెద్ద మ్యాచ్ యూఎస్‌సీకి బరువైంది, సీజన్ మొదట్లోకి జరపాలంది. పొత్తు కుదరలేదు. యూఎస్‌సీ కొత్త కూటమిలో చేరినందుకు పాత చుట్టరికం తెగింది.

ప్రశ్న (చికాగో): అందరూ అందరితో ఆడనప్పుడు విజేతను న్యాయంగా ఎలా తేలుస్తారు?

జవాబు: న్యాయంగా అన్నది పక్కన పెట్టండి. పూర్వం కూటమిని రెండు డివిజన్లుగా చీల్చి, రెండింటి విజేతలతో ఫైనల్ ఆడించేవారు. ఆ నిబంధన 2022లో ఎత్తేశారు. ఇప్పుడు పట్టికలో మొదటి ఇద్దరు. చిక్కంతా సమానంగా నిలిచినప్పుడే. 2025 ఏసీసీలో వర్జీనియా 7–1తో, అంటే ఏడు గెలుపులు, ఒక ఓటమితో ముందుంది. వెనక ఐదు జట్లు 6–2: డ్యూక్, మయామీ, జార్జియా టెక్, పిట్స్‌బర్గ్, ఎస్‌ఎంయూ. వాళ్లు పరస్పరం అందరూ ఆడుకోలేదు కాబట్టి ముఖాముఖి పోలిక పనికిరాలేదు. 'మీరు ఆడిన కూటమి జట్లు ఎన్ని గెలిచాయి' అనే లెక్క దాకా వెళ్లింది. మొత్తం సీజన్‌లో 7–5 ఉన్న డ్యూక్ ఫైనల్‌కెళ్లి, వర్జీనియాను అదనపు సమయంలో 27–20తో ఓడించి కూటమి విజేత అయింది. కూటమి ఫైనల్‌కు రాక ఇంట్లో కూర్చున్న మయామీ, వేరుగా జరిగే జాతీయ పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది!

ప్రశ్న (గుంటూరు): మా అబ్బాయి పర్డ్యూలో ఎంఎస్ చేస్తున్నాడు. నవంబరులో వెళ్తున్నాం. ఇండియానాతో మ్యాచ్ చూడాలని ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: అది కాపాడిన 12 జోడీల్లో ఒకటి కాబట్టి ఏటా ఉంటుంది. బేసి ఏళ్లలో మీ అబ్బాయి ఉండే వెస్ట్ లఫాయెట్‌లో, సరి ఏళ్లలో ఇండియానా జట్టు ఊరు బ్లూమింగ్టన్‌లో. రెండు ఊళ్లకూ ఇండియానాపొలిస్ విమానాశ్రయమే అనువు.

ఈ మ్యాచ్ పడేది థాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం వచ్చే పండుగ) వారాంతంలో. అంతమాత్రాన శనివారమని అనుకోకండి. 2025లో శుక్రవారం రాత్రి ఆడించారు. గురువారం నుంచి ఆదివారం వరకు ఖాళీ ఉంచుకోండి. రోజు ముందే తెలిసినా, ఆట మొదలయ్యే వేళ మామూలుగా 12 రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందే చెబుతారు. అందుకని హోటల్ రద్దు చేసుకునే వీలున్నదే బుక్ చేయండి, తిరుగు విమానం మ్యాచ్ మర్నాటికి పెట్టుకోండి. టికెట్లు ఫోన్‌లోనే వస్తాయి, అబ్బాయి ఖాతాలో తీసుకుని మీకు బదిలీ చేయించుకోవడం తేలిక. చేతిసంచి పారదర్శకంగా ఉండాలి, 12×6×12 అంగుళాలు దాటకూడదన్నది చాలా స్టేడియాల్లో నియమం. పులిహోర డబ్బా గేటు దాటదు, బయట కారు దగ్గరే తినేసి వెళ్లండి. రాత్రి మ్యాచ్ అయితే చలి సున్నాకు దిగుతుంది. కూర్చునేది తరచూ లోహపు బెంచీ మీద, కింద వేసుకోవడానికి మందపాటి దుప్పటి మర్చిపోవద్దు.