వాడిన ఎన్95, వాడిన గౌను మళ్లీ వేసుకోవచ్చా?

వారానికి ఒకే ఎన్95 (సన్నటి కణాలను కూడా ఆపే మాస్కు) ఇస్తున్నారనీ, గౌను డ్యూటీ అయ్యాక కొక్కేనికి తగిలించి మర్నాడు అదే వేసుకుంటున్నామనీ, దీనివల్ల ఎంత ప్రమాదమనీ అడిగారు. నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. 2020లో కొన్ని నెలలు మేమూ ఇలాగే నెట్టుకొచ్చాం, అందుకే రాస్తున్నాను.

బాగా అతికిన మాస్కు ముఖం మీద ఉన్నంతసేపూ మనల్ని కాపాడుతుంది. భయపడాల్సింది దాన్ని తీసి, దాచి, మళ్లీ పెట్టుకునే ఆ అర నిమిషానికి. రోగి దగ్గితే తుంపర్లు పడేది మాస్కు ముందు భాగం మీద. మర్నాడు కవర్లోంచి తీసేటప్పుడు మన వేళ్లు పట్టుకునేదీ అక్కడే. అదే చేత్తో ముక్కు దగ్గరి క్లిప్పు నొక్కుతాం, కళ్లజోడు సర్దుకుంటాం.

ఒకసారి ట్రైనింగులో మా గౌన్లకీ గ్లౌజులకీ మామూలు వెలుతురులో కనిపించని పొడి పూసి, విప్పమన్నారు. ఎంతో జాగ్రత్తగా విప్పాననే అనుకున్నాను. లైట్లు ఆర్పి అతినీలలోహిత దీపం పెడితే కుడి మణికట్టు చుట్టూ గాజు తొడిగినట్టు మెరుపు. చెవి వెనక రెండు వేలిముద్రలు. అక్కడ ఎప్పుడు తాకానో ఇప్పటికీ గుర్తు రాదు. 2015లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో ఇలా 435 సార్లు చేసి చూస్తే 46 శాతం సార్లు ఒంటికో బట్టలకో అంటుకుంది, గౌను కంటే గ్లౌజులు తీసేటప్పుడే ఎక్కువగా. కొత్తవి ఒక్కసారి విప్పితేనే ఇంత. మీరు మురికైన గౌనులో చేతులు దూర్చి తొడుక్కుంటున్నారు కూడా.

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో బ్రిటన్, అమెరికా ఆరోగ్య సిబ్బందిని గమనించిన అధ్యయనంలో, సరిపడా పీపీఈ (మాస్కు, గౌను, గ్లౌజుల వంటి రక్షణ సామగ్రి) ఉన్నవాళ్ల కంటే వాడిందే మళ్లీ వాడినవాళ్లకు కోవిడ్ పాజిటివ్ వచ్చే ముప్పు 1.46 రెట్లు కనిపించింది.

మాస్కుని స్పిరిట్‌తో తుడవకండి. మా తోటి సిస్టర్ ఒకావిడ రోజూ తుడిచేది, శుభ్రం చేస్తున్నాననే నమ్మకంతో. ఎన్95 లోపలి పొరలో ఉండే విద్యుదావేశమే సన్నటి కణాలను పట్టి ఉంచుతుంది. స్పిరిట్ తగిలితే ఆ ఆవేశం పోతుంది, చూడ్డానికి మాత్రం మాస్కు అలాగే ఉంటుంది. సబ్బు నీళ్లూ అంతే.

వేరే దారి లేనప్పుడు, తీసి మళ్లీ పెట్టుకోవడం కంటే తీయకుండా ఎక్కువసేపు ఉంచుకోవడం మేలు. తీయక తప్పకపోతే ఎలాస్టిక్‌లు మాత్రమే పట్టుకుని తీసి, పేరు రాసిన కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవరైతే తేమ ఆరదు. నా కవరు మీద పెట్టుకున్న ప్రతిసారీ పెన్నుతో ఒక గీత గీసేదాన్ని. కొరత రోజుల్లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పిన హద్దు 5 సార్లు. మా మాస్కుల్లో కొన్నిటికి మూడో గీతకే ఎలాస్టిక్ సాగిపోయి, గట్టిగా ఊపిరి వదిలితే కళ్లజోడు మసకబారేది. అంటే అంచుల్లోంచి గాలి పోతోందన్నమాట. అలాంటప్పుడు లెక్క చూడకండి, పారేయండి. తడిసినా, రక్తం పడినా అంతే. మాస్కుని తాకిన ప్రతిసారీ, ముందూ వెనకా చేతులు కడుక్కోండి. గ్లౌజులు కడిగి మళ్లీ వాడటం మాత్రం వద్దే వద్దు.

మీ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌తో మాట్లాడితే గౌన్ల సంగతే ముందు అడగండి, వీలైతే రాసి ఇవ్వండి. వాడిన మాస్కు మొదట మన ప్రాణం మీదికి తెస్తుంది. వాడిన గౌను ఒక మంచం దగ్గరి క్రిమిని ఇంకో మంచానికి మోస్తుంది. 2020లో ఫ్లోరిడాలోని ఒక కోవిడ్ వార్డులో 67 మంది రోగులను పరీక్షిస్తే 35 మంది ఒంటి మీద క్యాండిడా ఆరిస్ అనే మొండి ఫంగస్ దొరికింది. అక్కడి సిబ్బంది గౌన్లు, గ్లౌజులు ఒకదాని మీద ఒకటి పొరలుగా వేసుకుని తిరిగేవారు. చేతుల శుభ్రత, వస్తువుల శుభ్రత కూడా సరిగ్గా లేవు. రోగులు మన దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ల ఒంటి మీద లేనిది, మన ద్వారానే చేరకూడదు కదండీ.