నారుమడి నుంచి మంచుకోట దాకా
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు మంచుకోటల గురించే ఉన్నాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు పనికివస్తాయని వాటన్నిటికీ ఒకే చోట జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి బోస్టన్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. మేమిద్దరం డిసెంబరు మొదటి వారంలో వెళ్ళి మార్చి దాకా అక్కడే ఉంటాం. న్యూహాంప్‌షైర్‌లోని మంచుకోటకు క్రిస్మస్ సెలవుల్లో తీసుకువెళతానని మా కోడలు అంటోంది. నాకు అరవై రెండేళ్ళు, మావారికి మధుమేహం ఉంది. ఇన్సులిన్ తీసుకుంటారు. ఎప్పుడు వెళితే మంచిది? చీర కట్టుకుని వెళ్ళవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ కోడలి ఉత్సాహానికి అడ్డు చెప్పడం కాదు గానీ, క్రిస్మస్‌ను నమ్ముకుని తేదీ ఖాయం చేసుకోకండి. వైట్ మౌంటెన్స్ కొండల్లో నార్త్ వుడ్‌స్టాక్ దగ్గర లేచే ఆ కోట ఏ రోజు తెరుచుకుంటుందో నిర్ణయించేది చలి. ఆ చలి ఒక్కో ఏడాది ముందే వస్తుంది, ఒక్కో ఏడాది సంక్రాంతి దాకా ఊరిస్తుంది. మీరు తెనాలివారు కాబట్టి మీకు తెలిసిన మాటల్లోనే చెబుతాను. ముందు ఇనుప చట్రాల మీద రాత్రంతా నీళ్ళు చిలకరించి, చూరు కింద నీటి ధారలు గడ్డకట్టినట్టుగా మంచు కడ్డీలను పెంచుతారు. అది నారుమడి. తెల్లవారాక వాటిని విరిచి, చేతుల నిండా మోసుకుపోయి, కట్టాల్సిన చోట ఒక్కొక్కటిగా తడిమంచుతో అతికిస్తారు. అది నాట్లు వేయడం. ఆ రాత్రి మళ్ళీ వాటి మీద నీళ్ళు వదిలితే కడ్డీలు లావెక్కి, ఒకదానితో ఒకటి కలిసిపోయి గోడ అవుతాయి. పని జోరుగా సాగే రోజుల్లో ఇలా వేల కడ్డీలు నాటుతారు. చివరికి ఒక ఎకరం మేర గోడలు, సొరంగాలు, జారుడుబల్లలు, సింహాసనాలు లేస్తాయి. ఆ మంచు బరువు సుమారు రెండున్నర కోట్ల పౌన్లని, అంటే మన లెక్కలో పదకొండు వేల టన్నుల పైమాటేనని నిర్వాహకులు చెబుతారు.

ఈ పద్ధతి పెద్ద ప్రయోగశాలల్లో పుట్టింది కాదు. కాలిఫోర్నియా నుంచి యూటా రాష్ట్రానికి మారిన బ్రెంట్ క్రిస్టెన్సన్ అనే ఆయన శీతాకాలంలో తన పిల్లలు ఆడుకోవడానికి ఇంటి ముంగిట్లో మంచు గుహ కట్టబోయారు. మొదట కర్రల చట్రం మీద నీళ్ళు పోసేవారు. మంచు కడ్డీలే ఒకదానికొకటి అతుక్కుని చట్రంగా నిలబడతాయని తర్వాత అనుకోకుండా కనిపెట్టారు. ఆ ముంగిలి ఆటే ఐస్ కాజిల్స్ అనే సంస్థ అయి, ఇప్పుడు అమెరికాలో కొన్ని చోట్ల ఏటా కోటలు పెంచుతోంది.

కాబట్టి మీకు నా సలహా ఇది: జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం లోపల, వారాంతం కాని ఒక రోజున వెళ్ళండి. అప్పటికి గోడలు పూర్తి ఎత్తుకు వస్తాయి, వర్షానికీ ఎండకూ కరిగే కాలం ఇంకా మొదలు కాదు. టిక్కెట్టు మీద తేదీతోపాటు లోపలికి వెళ్ళే వేళ కూడా ఉంటుంది. సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందు వేళ దొరికితే అదే తీసుకోండి. పగటి వెలుగులో మంచు అసలు రంగూ, చీకటి పడ్డాక మంచు లోపల పొదిగిన దీపాల రంగులూ ఒకే టిక్కెట్టుతో చూడవచ్చు. బోస్టన్ నుంచి కారులో రెండు గంటల పైన ప్రయాణం.

ఇక చీర సంగతి. రెండేళ్ళ క్రితం నేను పట్టుదలకు పోయి, పైన పెద్ద కోటు వేసుకున్నాను కదా అని చీరతోనే వెళ్ళాను. లోపల నేలంతా పొడిచేసిన మంచు. సముద్రపుటొడ్డు ఇసుకలో నడిచినట్టు కాలు దిగబడుతుంది. పావుగంటలో కుచ్చిళ్ళ అంచు తడిసింది, అరగంటలో గంజి పెట్టి ఆరేసిన చీరలా బిర్రబిగిసి, అడుగు వేసినప్పుడల్లా మడమకు టకటక తగలసాగింది. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ బిగిసిన అంచు బూటు కింద పడి ఉంటే నడుం విరిగేది. చీర ఇంట్లో కట్టుకోండి. అక్కడికి మాత్రం లోపల ఒంటికి అంటుకునే థర్మల్ దుస్తులు, మధ్యలో ఉన్ని స్వెటరు, పైన గాలినీ తడినీ ఆపే కోటు, కింద నీరు పట్టని పాంటు వేసుకోండి. నూలు బట్ట చెమటను పీల్చి ఒంటికి అంటుకుపోతుంది కాబట్టి చర్మం పక్కన అది వద్దు. బిగుతుగా రెండు జతల మేజోళ్ళు తొడిగితే రక్తప్రసారం తగ్గి పాదం ఇంకా చల్లబడుతుంది. ఉన్నివి ఒక్క జత, వేళ్ళు కదిలేంత వదులైన బూటు చాలు.

మీవారి విషయంలో మాత్రం అశ్రద్ధ చేయవద్దు. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. చలికి వేళ్ళు మొద్దుబారుతున్నా, చర్మం పాలిపోతున్నా వారికి తెలియదు. ఇంటికి వచ్చాక మేజోళ్ళు విప్పి పాదాలను కళ్ళతో చూడండి, మొద్దుబారిన పాదాన్ని వేడినీళ్ళలో గానీ హీటరు ముందు గానీ పెట్టవద్దు. ఇన్సులిన్ గడ్డకడితే మళ్ళీ కరిగినా పనికిరాదు, కాబట్టి పెన్నును ఆపి ఉంచిన కారులో వదలకుండా లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకోవాలి. బయలుదేరే ముందు ఆయన వైద్యుడిని ఒక మాట అడగండి, ప్రయాణ బీమా కాగితాలు కూడా వెంట ఉంచుకోండి. అక్కడ కారు అద్దం దగ్గర 14 అని కనిపిస్తే సంతోషించకండి, అది ఫారన్‌హీట్. మన లెక్కలో మైనస్ 10 డిగ్రీలు. జనవరి సాయంత్రాల్లో ఆ కొండల్లో అది మామూలు చలే.

ప్రశ్న: ఫొటోల్లో మంచుకోట గోడలు నీలంగా ఉన్నాయి. నీళ్ళలో రంగు కలుపుతారా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, విజయవాడ

జవాబు: పగలు తీసిన ఫొటో అయితే ఆ నీలం మంచుదే. తెల్లని వెలుగు మంచు గుండా పోతుంటే మంచు ఎరుపు వైపు రంగులను కొద్దికొద్దిగా మింగేస్తుంది, నీలాన్ని వదిలేస్తుంది. గ్లాసులో వేసుకునే ముక్కలో ఆ తేడా కంటికి ఆనదు, మందమైన గోడలో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. గాలి బుడగలు ఎక్కువగా ఉన్న చోట వెలుగు లోతుకు వెళ్ళకముందే చెదిరిపోయి మంచు తెల్లగా కనిపిస్తుంది. రాత్రి ఫొటోల్లోని ఊదా, గులాబీ రంగులు దీపాలవి.

నీవు ఎప్పుడైనా వెళితే ఒక కడ్డీని దగ్గరగా చూడు. దాని మీద వేలి గణుపుల మాదిరి వరుసగా ఉబ్బులు ఉంటాయి. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు శుద్ధి చేసిన నీటితో కడ్డీలు పెంచితే ఆ ఉబ్బులు రాలేదు. నీటిలో పిసరంత ఉప్పు కలిపితే వచ్చాయి. మన కుళాయి నీళ్ళలో ఉండే కాసిని లవణాలు చాలు ఆ గణుపులు కట్టడానికి.

ప్రశ్న: హైదరాబాదులో స్నోవరల్డ్ చూశాం. మంచుకోట కూడా అలాంటిదేనా? చైనాలో హార్బిన్ అనే చోట ఉన్నది కూడా ఇదేనా? ఇండియాలో ఇలాంటిది చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాదు

జవాబు: స్నోవరల్డ్ మండు వేసవిలో కూడా యంత్రాలతో చల్లబరిచే హాలు. అక్కడ కోటూ బూట్లూ వాళ్ళే ఇస్తారు, మంచుకోటకు ఎవరి బట్టలు వారివే. ఆకాశం కింద నిలబడాలి, ఉష్ణోగ్రత దేవుడి దయ.

హార్బిన్‌ది వేరే పద్ధతి. అక్కడ సుంగారి నది గడ్డకట్టాక మంచును దిమ్మెలుగా కోసి, రాళ్ళు పేర్చినట్టు పేర్చి, మహా కట్టడాలు లేపుతారు. 1985 నుంచి అక్కడ మంచు ఉత్సవం జరుగుతోంది. అమెరికాలో సెయింట్ పాల్ నగరం 1886లో కట్టిన మంచు రాజభవనం కూడా దిమ్మెలదే. న్యూయార్క్ రాష్ట్రంలోని సారనాక్ లేక్ అనే చిన్న ఊళ్ళో ఊరివారే సరస్సు మంచు కోసి, తడిమంచును సున్నంలా పూసి ఏటా కోట కడతారు, చూడటానికి టిక్కెట్టు లేదు. ఖర్చు లేకుండా చూడాలనుకునే న్యూయార్క్ తెలుగువారికి నేను అదే చెబుతాను. తీరిక కూడా మిగులుతుంది, ఊరి పండగలా ఉంటుంది.

మన దేశంలో గుల్‌మార్గ్‌లో కొన్ని శీతాకాలాల్లో మంచుతో ఇగ్లూ కెఫేలు కట్టారు. కానీ నీళ్ళు చిమ్మి మంచు పెంచడం అనే విద్యను చూడాలంటే లదాఖ్‌కు వెళ్ళండి. లదాఖ్‌కు చెందిన ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ 2013–14 శీతాకాలంలో అక్కడ ఎగువ నుంచి గొట్టంలో నీటిని దించి, పంపు లేకుండా ఎత్తు తేడాతోనే ఫౌంటెన్‌లా పైకి చిమ్మించి, గాలిలోనే గడ్డకట్టేటట్టు చేసి, సుమారు 6 మీటర్ల ఎత్తున మంచు స్తూపం పెంచారు. శంకువు ఆకారం వల్ల ఎండ తగిలే మేర తగ్గి అది మే నెల దాకా నిలిచింది. విత్తనాల వేళకు వాగుల్లో నీళ్ళు రాని ఊళ్ళకు కరిగే ఆ స్తూపమే సాగునీరు. అమెరికా కోట మార్చిలో కరిగి నేలలోకి ఇంకుతుంది, లదాఖ్ స్తూపం కరిగి చేనుకు చేరుతుంది. నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ప్రశ్న: పోయిన ఏడాది మేము ఒక మంచుకోటకు నెల ముందే టిక్కెట్లు కొన్నాం. ఆ వారం వాన పడి, సొరంగాలు సగం మూసేశారు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఈసారి రెండేళ్ళ పాపతో వెళ్ళాలనుకుంటున్నాం. స్ట్రోలర్ తీసుకువెళ్ళవచ్చా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: కోట పూర్తిగా మూసేస్తే ఒక నిబంధన, తెరిచి ఉండి కొన్ని భాగాలు మూసేస్తే మరొక నిబంధన ఉంటుంది, మీ సొమ్ము రెండోదాని కింద పోయినట్టుంది. ఈసారి కొనే ముందు ఆ రెండూ విడివిడిగా చదవండి. టిక్కెట్లు అయిపోతాయని భయపెట్టే శనివారాలను వదిలేసి, మంగళ, బుధవారాల్లో వెళ్ళగలిగితే నాలుగైదు రోజుల ముందు వాతావరణం చూసుకుని కొనవచ్చు. చూడాల్సింది పగటి ఎండను కాదు, రాత్రి చలిని. వరుసగా మూడు నాలుగు రాత్రులు గడ్డకట్టే చలి ఉండి, వాన లేకపోతే కోట కళకళలాడుతుంది.

స్ట్రోలర్ చక్రాలు ఆ పొడిమంచులో కదలవు. పెద్దగా ఖరీదు లేని ప్లాస్టిక్ స్లెడ్డు (మంచు మీద జారే చక్రాలు లేని బండి), లాగడానికి తాడు తీసుకువెళ్ళండి. అడుగున దుప్పటి మడత వేసి పాపను కూర్చోబెట్టండి. నడిచే మీకు వేడి పుడుతుంది, కదలకుండా కూర్చున్న పాపకు పుట్టదు కాబట్టి మీకంటే ఒక వరుస బట్టలు ఎక్కువ వేయాలి. చేతి తొడుగులు ఇంకో జత ఉంచుకోండి, మొదటి జత పది నిమిషాల్లో తడిసిపోతుంది. ఫోను కూడా కోటు లోపలి జేబులో పెట్టుకోండి. చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది, పాప మొదటిసారి మంచు సింహాసనం ఎక్కేటప్పటికే తెర నల్లబడి ఉంటుంది.