వేటగాడు పక్కకు వాలి ఉదయిస్తాడు

ప్రశ్న: డిసెంబరు నడుమ ఒక రాత్రి ఏడు గంటలకు కళింగపట్నం తీరాన నిలబడి తూర్పు ఆకాశాన్ని ఫోన్‌తో ఫోటో తీశాను. వరుసగా మూడు చుక్కలు పడ్డాయి గాని, పుస్తకాల్లోని ఓరియన్ వేటగాడి బొమ్మతో అవి కలవడం లేదు. నిమిషం సేపు ఎక్స్‌పోజర్ ఇస్తే చుక్కలన్నీ గీతలయ్యాయి, రంగులూ రాలేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, గార మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీకు దొరికింది ఓరియన్ తారామండలమే. పుస్తకాల్లో వేటగాడు నిటారుగా నిలబడి ఉంటాడు గాని, మన ప్రాంతంలో అతడు సముద్రం మీద ఉదయించేటప్పుడు పక్కకు వాలి ఉంటాడు. అందుకే నడుము పట్టీలోని ఆ మూడు చుక్కలూ ఒకదానిపై ఒకటిగా దాదాపు నిలువుగా కనిపిస్తాయి. వాటికి ఎడమన ఎర్రని ఆర్ద్ర, కుడివైపున నీలితెలుపు రైజెల్ ఉంటాయి. ఆ మూడు చుక్కల గీతను పైకి పొడిగిస్తే, చాచిన చేతి పిడికిళ్ళు రెండింటికి కాస్త ఎక్కువ దూరంలో రోహిణి, ఇంకా పైన మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికల గుంపు తగులుతాయి. కిందికి పొడిగించి ఏడున్నర దాటేదాకా వేచి ఉంటే, ఇంచుమించు అంతే దూరాన సిరియస్ సముద్రంలోంచి పైకి వస్తుంది. ముందు ఇవన్నీ కంటితో పోల్చుకోవాలని నా గట్టి సలహా, ఎందుకంటే కెమెరా కంటికి ఆనని చుక్కలను కూడా పట్టుకోవడంతో ఫోటోలో ఆకారం వాటి మధ్య కలిసిపోతుంది.

ఇక గీతల సంగతి. భూభ్రమణం వల్ల నక్షత్రాలు నిమిషానికి పావు డిగ్రీ, అంటే చందమామ వెడల్పులో సగం మేర జరుగుతాయి. ఫోన్‌ను ట్రైపాడ్‌పై బిగించి, ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 1600, ఎక్స్‌పోజర్ 15 సెకన్లు పెట్టి, చేతి అదురు సోకకుండా టైమర్‌తో తీయండి.

రంగులు పోవడానికి కారణం వేరు. ప్రకాశవంతమైన నక్షత్రపు కాంతి అంతా కొద్ది పిక్సెళ్ళలో నిండిపోతే అక్కడ తెలుపు తప్ప మరేదీ మిగలదు కనుక, ఫోకస్‌ను చేతితో అనంతానికి పెట్టి ఒక ఫోటో తీశాక, దాన్ని అతి కొద్దిగా సడలించి మరొకటి తీయండి. చుక్క కాస్త విచ్చుకుని, సుమారు 3,500 కెల్విన్ల ఉపరితల వేడి గల ఆర్ద్ర ఎరుపు, అంతకు మూడు రెట్లకు పైగా వేడిగా ఉండే రైజెల్ నీలం బయటపడతాయి. ఈ తేడా చూడడం కోసమైనా ఆ రెండో ఫోటో తప్పక తీయాలి.

తీరంలో లెన్స్‌పై మంచు పడుతుంది. మెత్తని నూలుగుడ్డ దగ్గర ఉంచుకోండి.

జనవరి చివరలో, చంద్రుడు లేని రాత్రి పది గంటలకు దక్షిణానికి తిరిగితే, దిగంతానికి 19 డిగ్రీల ఎత్తున అగస్త్య నక్షత్రం కనిపిస్తుంది. శ్రీకాకుళం అక్షాంశం 18 డిగ్రీలు దాటి ఉన్నందున ఉత్తరాన ధ్రువ నక్షత్రం కూడా దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. రెండింటినీ ఒకే చోటి నుంచి, ఒకే సెట్టింగులతో తీసి పక్కపక్కన పెట్టి చూడండి.