-2 బేస్‌లో ప్రతి పూర్ణాంకమూ ఒక్కసారే వస్తుందని ఎలా నమ్మాలి?

మీ ప్రశ్న ఇదీ: బేస్ -2 అయితే, అంటే ప్రతి స్థానం విలువా దాని కుడి పక్కదానికి -2 రెట్లు అయితే, మైనస్ గుర్తుతో పని లేకుండా, 0, 1 అంకెలతోనే పూర్ణాంకాలన్నీ రాయొచ్చంటారు. ఏదీ తప్పిపోదని, ఏదీ రెండుసార్లు రాదని నమ్మడం ఎలా? డిగ్రీలో నాకూ ఇదే అనుమానం ఉండేది. రుజువు చదివాను, ప్రతి మెట్టూ ఒప్పుకున్నాను, అయినా మనసుకి ఎక్కలేదు. పట్టిక వేసుకున్నాకే ఎక్కింది.

స్థానవిలువలు కుడి నుంచి ఎడమకి 1, -2, 4, -8, 16, -32 అలా పోతాయి. సున్నాని పక్కన పెట్టి, సంఖ్యల్ని పొడవును బట్టి విడదీయండి. ఒక అంకెతో వచ్చేది 1. రెండంకెలతో -2, -1. మూడంకెలతో 2 నుంచి 5 దాకా. నాలుగంకెలతో -10 నుంచి -3 దాకా. ఐదంకెలతో 6 నుంచి 21 దాకా. ఒక్కో గుంపూ ముందు వచ్చినవాటి అంచుకి సరిగ్గా ఆనుకుని కూర్చుంటుంది. మధ్యలో ఖాళీ లేదు, ఒకదాని మీద ఒకటి పడదు. కారణం చిన్నదే. ఐదంకెల సంఖ్య అంటే ముందున్న 16కి, మిగిలిన నాలుగు స్థానాల విలువ కలపడం. ఆ నాలుగు స్థానాలనీ 16 రకాలుగా నింపొచ్చు. వాటితో వచ్చేవి -10 నుంచి 5 దాకా, అవీ 16 సంఖ్యలే. దీన్నే ముందుకు సాగదీస్తే ఇండక్షన్ రుజువు (ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకి వెళ్లే రుజువు) అయిపోతుంది. అంకెల లెక్క బేసి అయితే ధన సంఖ్య, సరి అయితే రుణ సంఖ్య అన్నది కూడా ఈ పట్టికలోనే కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మార్చే పద్ధతి మామూలే: -2తో భాగిస్తూ శేషాలు రాసుకోవాలి. సీ భాషలో ప్రోగ్రామ్ రాసినప్పుడు మాత్రం నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. -13ని -2తో భాగిస్తే సీ భాగఫలం 6, శేషం -1 ఇస్తుంది. మనకి కావలసిన శేషం 0 లేదా 1. అందుకని శేషం రుణమైతే దానికి 2 కలిపి, భాగఫలానికి 1 కలపాలి: 7, 1. అలా చేస్తే -13కి 110111 వస్తుంది. సరిచూడండి: -32+16+4-2+1.

కూడికలో ఇంకో చిక్కుంది. 2ని ఇక్కడ 110 అని రాస్తాం కాబట్టి 1+1 వచ్చిన ప్రతిచోటా రెండు స్థానాలకి క్యారీ వేశాను. 11కి, అంటే -1కి, 1 కలిపితే సున్నా రావాలి కదా, క్యారీలు పేజీ చివరిదాకా పోతూనే ఉన్నాయి. 2 అంటే -2కి -1 రెట్లు కాబట్టి క్యారీ -1 అనుకోండి, రెండో స్థానంలోనే ఆగిపోతుంది.

రుణ బేస్‌ల గురించి ఇటలీలో విట్టోరియో గ్రున్వాల్డ్ 1885లోనే రాశాడు. ఆయన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మీరు చేత్తో లెక్కలు చేస్తుంటే ఈ తనిఖీ బాగా పనికొస్తుంది. -2ని 3తో భాగిస్తే శేషం 1, కాబట్టి అంకెల మొత్తానికీ అసలు సంఖ్యకీ 3తో వచ్చే శేషం ఒకటే. 110111లో ఒకట్లు ఐదు, శేషం 2. -13 కూడా 15 కలిపితే 2. బేస్ -10లో ఇదే వరస 11కి వర్తిస్తుంది. 11, 22, 33లని అక్కడ 191, 182, 173 అని రాస్తాం. మూడింటి అంకెలూ కూడి చూడండి.